పక్కింటి నిద్ర

"డాక్టరు గారూ, మీ దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళకి ముందు మత్తు ఇస్తారటగా?"

బ్రేకరు మోతలో ఆ మాట ఆమెకు సగమే వినిపించింది. పెరట్లో రాయి పగలగొడుతున్న మనిషిని ఆగమని చెయ్యి ఊపి వెనక్కి తిరిగింది. ప్రహరీ గోడ అవతల ఒక తల కనిపించింది. జుట్టు రేగిపోయి ఉంది. ఒక చెంప మీద దిండు ముడతలు అచ్చు పడి ఉన్నాయి.

"ఇస్తాం. ఎందుకు?"

"ఆ సూదేదో నాక్కూడా ఒకటి పొడవండి. తర్వాత మీరు పాతాళం దాకా తవ్వుకున్నా నోరెత్తను. నైట్ బస్సు డ్రైవర్నండీ నేను. పొద్దున వచ్చి పడుకుంటాను. ఈ వారమంతా పడుకోవడమే అవుతోంది, నిద్ర అవట్లేదు."

"రాయి పడింది. నన్నేం చెయ్యమంటారు? రాయినే అడగండి."

"అడుగుదామనే లేచొచ్చాను. అది కూడా మీలాగే ఉంది. కరిగేలా లేదు."

ఆమె నవ్వలేదు. బ్రేకరు మనిషికి కానిమ్మని సైగ చేసి, మొహం అటు తిప్పుకున్నాక నవ్వింది.

ఆమె పళ్ళ డాక్టరు. రోజంతా జనం పళ్ళు తవ్వి, ఇంటికొచ్చి నేల తవ్విస్తోందని వీధిలో జోకు. ఆ ఇంట్లో తల్లీ తనూ ఇద్దరే ఉంటారు. పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టాలన్న ఆలోచన నిజానికి ఆమెది కాదు. ఆమెను చేసుకోబోయిన ఆర్కిటెక్టుది. పెళ్ళయ్యాక కడదామని కాగితం మీద గీసి కూడా ఇచ్చాడు. పెళ్ళి మాత్రం ఇంకో అమ్మాయిని చేసుకున్నాడు. చివరిసారి కలిసినప్పుడు, "నువ్వు లేకపోయినా అది కట్టిస్తాను, చూస్తూ ఉండు," అంది ఆమె. అతను నవ్వాడు. "పళ్ళు పీకడం వేరు, పదిమంది చేత పని చేయించడం వేరు," అన్నాడు.

ఆ నవ్వు చేపముల్లులా ఆమె గొంతులో దిగబడిపోయింది. అందుకే కాంట్రాక్టరు కావాలనుకోలేదు. పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ తనే తిరిగింది. తవ్వేవాణ్ణి, రాడ్లు కట్టేవాళ్ళని, ప్లంబర్ని, కాంక్రీటు వాళ్ళని విడివిడిగా వెతికి పట్టుకుంది. ఒకడు రావలసిన రోజున ఇంకొకడు వచ్చేవాడు. ఇద్దరూ రావలసిన రోజున ఎవడూ వచ్చేవాడు కాదు.

"పెళ్ళి చేసుకోవే అంటే గొయ్యి తవ్వుకుంటోంది మా పిల్ల," అని తల్లి ఫోనులో చుట్టాలందరికీ చెప్పుకునేది.

క్లినిక్కులో కూడా అదే గోల. ఒకరోజు పేషెంటు నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉండగా మేస్త్రి ఫోను చేశాడు. రాడ్లను మట్టికి ఆనించే కట్టేశారని, రాడ్లు నేలకి తగలకుండా కింద పెట్టాల్సిన సిమెంటు బిళ్ళలు పెట్టలేదని తెలిసి ఆమెకు ఒళ్ళు మండింది.

"అన్నీ పీకేయండి. ఒక్కటి కూడా ఉంచడానికి వీల్లేదు. సాయంత్రం నేనొచ్చి దగ్గరుండి మళ్ళీ కట్టిస్తాను," అంది.

పేషెంటు నోరు మూసేసుకున్నాడు. మళ్ళీ తెరిపించడానికి చాలాసేపు పట్టింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, పక్కింటి డ్రైవరుకి తప్ప. అప్పటికి వాళ్ళిద్దరికీ మాటలు కలిశాయి. కలిపింది వాన. రాయి పగిలిన మర్నాడే కుండపోతగా కురిసి గొయ్యి సగం నిండింది. ఒక పక్క మట్టి విరిగి లోపలికి జారింది. గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. డ్యూటీ నుంచి అప్పుడే వస్తున్న అతను చూసి, బూట్లు కూడా విప్పకుండా వాళ్ళక్క ఇంట్లోంచి నీళ్ళు తోడే మోటారు మోసుకొచ్చి పైపు దించాడు.

"మీకెందుకండీ ఈ శ్రమ? వెళ్ళి పడుకోండి."

"ఇవాళ మోత లేదు కదా, నిద్ర పట్టదు. అలవాటు తప్పింది."

వాన నీళ్ళు అతని కనుబొమల మీంచి కారుతున్నాయి. ఆమె గొడుగు కొంచెం అటు జరిపింది. అతను అది చూసి, చూడనట్టు పైపు వంక తిరిగాడు. అక్కడి నుంచి ఆమె అతనికి 'మేస్త్రమ్మ గారు' అయింది, అతను ఆమెకు 'నిద్రమొహం' అయ్యాడు.

మళ్ళీ కట్టిన రాడ్ల మీద కాంక్రీటు కొట్టడం మంచి ఎండల్లో అయింది. గోడలు, అడుగు అన్నీ ఒక్క రోజులో లేచాయి. వెళ్ళేముందు మేస్త్రి గట్టిగా చెప్పాడు.

"డాక్టరమ్మా, అసలు పని ఇప్పుడే. పగలంతా గంటగంటకీ నీళ్ళు పట్టాలి. ఎండిందంటే పగుళ్ళిస్తుంది. రెండు వారాలు మాత్రం అశ్రద్ధ చేయొద్దు."

ఆమెకు క్లినిక్కు. తల్లికి మోకాళ్ళ నొప్పులు. కూలికి కుదిరిన మనిషి మొదటి రోజే చెప్పాపెట్టకుండా మానేశాడు.

"నేను పడతాలెండి. పగలు ఇంట్లోనే కదా ఉండేది," అన్నాడు నిద్రమొహం.

"మరి నిద్ర?"

"మధ్యమధ్యలో కునుకు తీస్తా. డ్రైవర్లకి అలవాటే."

గంటగంటకీ లేచేవాడికి మధ్యలో కునుకేమిటని ఆమెకు అనిపించకపోలేదు. అయినా పక్క గేటు తాళం చెవి అతని చేతిలో పెట్టింది. ఆ వారంలో ఒకసారి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడు, అతను పైపు పట్టుకుని ఒడ్డున నిలబడి తూలడం కిటికీలోంచి చూసింది. బయటికెళ్ళి వద్దని చెప్పాలనుకుంది. గోడలు నల్లగా తడిసి నిగనిగలాడుతున్నాయి. చెప్పకుండానే క్లినిక్కుకు వెళ్ళిపోయింది.

రెండో వారం నుంచి అతను సాయంత్రాలు కూడా ఇంట్లోనే కనిపించాడు.

"డ్యూటీ లేదా?"

"సెలవు పెట్టాను."

ఎందుకని ఆమె అడగలేదు.

లీకు పరీక్షకి నీళ్ళు నింపి గోడ మీద గీత గీసి చూశారు. గీత దగ్గర నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత టైల్స్ మొదలయ్యాయి. ఆదివారానికి అంతా అయిపోవాలని ఆమె టైల్స్ మేస్త్రిని తరమసాగింది. ఆమె మొహంలో అంత వెలుగు అతను ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ ఒడ్డున కూర్చుని టీ తాగుతున్నారు.

"ఆదివారం నీళ్ళు నింపాక మీతో ఒక మాట చెప్పాలండీ," అన్నాడు.

"ఆదివారం కుదరదు. ఆర్కిటెక్టుని రమ్మన్నాను."

"ఏ ఆర్కిటెక్టు?"

ఆమె చెప్పింది. గీసిన కాగితం, నవ్విన నవ్వు, అన్న మాట, అన్నీ చెప్పింది. ఎవరికో జరిగినట్టు హుషారుగా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"అంటే, ఇదంతా అతను చూడ్డానికన్నమాట."

"చూడాలి కదా మరి? వాడన్న మాటకి..."

"నేనెవరికి నీళ్ళు పడుతున్నానో ఇన్నాళ్ళూ నాకు తెలీదండీ." గ్లాసు కింద పెట్టి, జేబులోంచి తాళం చెవి తీసి దాని పక్కన పెట్టాడు. "మొహం కూడా చూడని మనిషికి ఇంత చాకిరీ చేశానన్నమాట."

"మీరలా ఎందుకనుకుంటున్నారు?"

"ఎలా అనుకోమంటారో చెప్పండి. అలాగే అనుకుంటా."

అతను వెళ్ళిపోయాడు.

శనివారం అతని అక్క వచ్చింది. మోటారు తీసుకెళ్ళడానికని వచ్చింది కానీ, మోటారు ముట్టుకోలేదు.

"డాక్టరమ్మా, మా తమ్ముడు చెప్పొద్దన్నాడు. కానీ నా మనసు ఊరుకోవట్లేదు. వాడు సెలవు పెట్టలేదు. డ్యూటీలోంచి దించేశారు."

"దించేశారా?"

"తెల్లారగట్ట స్టీరింగ్ మీద కళ్ళు మూతపడ్డాయంట. బస్సు డివైడర్ ఎక్కింది. దేవుడు చల్లగా చూసి ఎవరికీ ఏమీ కాలేదు. ఎంక్వయిరీ జరుగుతోంది. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదమ్మా వాడు బస్సు మీద." అక్క పూల్ వంక ఒకసారి చూసింది. "బాగా వచ్చింది. మీ పని బాగా వచ్చింది."

తిట్టినా ఆ మాటకన్నా తేలిగ్గా ఉండేది.

ఆదివారం ఆర్కిటెక్టు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. పూల్ చుట్టూ నడిచాడు. వంగి మూలలు చూశాడు. ఏదో ఒక వంక పెట్టాలని వచ్చినవాడికి ఏమీ దొరకలేదు.

"టెస్టింగులో నీళ్ళు ఎంత దిగాయి?"

"దిగలేదు."

"అసలు దిగలేదా? అంటే నీళ్ళు పట్టి క్యూరింగ్ బ్రహ్మాండంగా చేయించావన్నమాట. నా సైట్లలోనే అంత శ్రద్ధగా చేసేవాడు దొరకడు. ఎవర్ని పెట్టావు?"

ఈ మెప్పు కోసమే ఆమె ఎండనక వాననక ఆ గొయ్యి చుట్టూ తిరిగింది. ఇప్పుడది చేతికొచ్చాక నోట్లో చేదుగా తగిలింది.

"నేను పెట్టలేదు. ఒకాయన తన నిద్ర మానుకుని చేశాడు," అంది. "నువ్విక వెళ్ళు. నిన్ను పిలవడమే నా బుద్ధి తక్కువ."

అతని కారు మలుపు తిరగకముందే ఆమె పక్కింటి గేటు తీసింది. డ్రైవరు మెట్ల మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు.

"మెచ్చుకున్నాడా?"

"మెచ్చుకున్నాడు."

"ఇంకేం. పంతం నెగ్గింది."

"బస్సు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే? నీళ్ళు పట్టొద్దనేవారా?"

అనేదాన్ని అని చెప్పడం ఎంతసేపు. ఆమె ఆ అబద్ధం ఆడలేదు.

"ఏమో. మీరు తూలడం నేను చూశాను. చూసి కూడా వెళ్ళిపోయాను. నాకు పని జరగాలి, అంతే."

అతను పేపరు మడిచాడు. మొదటిసారి ఆమె వంక సూటిగా చూశాడు.

"నిజం చెప్పారు. నేనూ చెబుతా. ఆ రోజు బస్సు నిండా జనం. ఒక పెద్దావిడ కిందికి దిగి, నా మొహం చూసి, 'నిద్ర లేదా నాయనా' అంది. చెంప మీద కొట్టినా సరిపోయేది. మీరు నన్నేమీ అడగలేదు, నేనే ఎగబడి చేశాను. కోపం నా మీదే. కానీ మిమ్మల్ని చూస్తే ఆవిడ మొహం గుర్తొస్తోంది."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

"ఇప్పుడు దేనికొచ్చారు? క్షమించమనడానికా, ఇష్టమని చెప్పడానికా? రెండూ కలిపి చెబితే నాకు మొదటిదే వినిపిస్తుంది."

"అయితే మొదటిదే చెబుతాను. క్షమించండి."

అతను తల ఊపాడు. క్షమించినట్టు కాదు, విన్నట్టు.

ఎంక్వయిరీ ముగిసి, ఏడాది పాటు అతనికి స్టీరింగ్ ఇవ్వకూడదన్నారు. బస్‌స్టేషన్లో బస్సుల వేళలు చెప్పే విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఈ సంగతి ఆమెకు అక్క చెప్పింది. పెరట్లో పూల్ నీలంగా నిండి ఉంది. ఆమె అందులోకి ఒక్కసారీ దిగలేదు.

"అంత కష్టపడి కట్టావు. చూస్తూ కూర్చుంటావేమే?" అంది తల్లి.

ఆమె టీ గ్లాసులు తీసుకుని లేచింది.

"ఆ అబ్బాయి డ్రైవరని ఆలోచిస్తున్నావా?"

"అది కాదమ్మా. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనూ?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళు. ఇంకోటి ఎక్కడ తెస్తావు? వస్తే వెంటబెట్టుకు రా, నాకేం అభ్యంతరం లేదు. రాకపోతే ఏడుద్దువుగాని, నేనున్నాగా."

మర్నాడు సాయంత్రం క్లినిక్కు తొందరగా మూసేసి, ఆమె విచారణ కిటికీ ముందు క్యూలో నిలబడింది. తన వంతు వచ్చింది.

"ఏ ఊరికండీ?" అన్నాడు అతను తల ఎత్తకుండానే.

"ఏ ఊరికీ కాదు."

తల ఎత్తాడు. కళ్ళ కింద నలుపు తగ్గింది. రాత్రిళ్ళు నిద్రపోతున్నట్టుంది. నవ్వు మాత్రం లేదు.

"ఇంట్లో ఇంకేం పని పడింది?"

"ఏమీ లేదు. పనులన్నీ అయిపోయాయి. అందుకే ఇవాళ వచ్చాను."

వెనక ఉన్నాయన "కొంచెం త్వరగా కానివ్వండమ్మా" అన్నాడు. ఆమె కిటికీ చువ్వల మీద చెయ్యి ఆనించి, గొంతు తగ్గించింది.

"రెండోది చెప్పడానికొచ్చాను. నువ్వంటే నాకు ఇష్టం."

ఇన్నాళ్ళ 'మీరు' ఒక్కసారిగా 'నువ్వు' అయ్యేసరికి అతను చేతిలోని పెన్ను తిప్పి తిప్పి బల్ల మీద పెట్టాడు.

"నాకింకా కోపం పోలేదండీ."

"పోకపోయినా ఫరవాలేదు."

"కొన్నాళ్ళు మీరు అనే అంటాను."

"అను."

అతను గడియారం వంక చూశాడు. క్యూ వంక చూశాడు.

"పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు. డ్యూటీ అయ్యేదాకా ఆ బెంచీ మీద కూర్చోండి," అన్నాడు. "ఇద్దరం ఒకే వీధికి కదా వెళ్ళాలి."