గుమ్మడికాయ హుక్కు

వేదశ్రీ మా ఫ్యాక్టరీలో చేరిన మొదటిరోజే నా ఇంటిని ఫెయిల్ చేసింది.

నా ఇల్లంటే నేను కాపురముండేది కాదు. నర్సీపట్నం శివారులో మేము ఇళ్లను షెడ్డులోనే తయారుచేసి లారీ ఎక్కిస్తాం. ఏసీ చల్లదనం బయటికి పోకుండా, కరెంటు బిల్లు తగ్గేలా కట్టడం మా గొప్ప. సూపర్‌వైజర్ని నేను, చినబాబుని. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఆమె. ఇదివరకు పేరుకే జరిగే గాలి టెస్టు ఆమె నిజంగా చేస్తుంది. వెనక తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి లోపలి గాలి లాగేస్తుంది. ఎక్కడ సందుంటే అక్కణ్ణించి బయటి గాలి జొరబడుతుంది. మీటరు చూసి, కళ్లెత్తి నన్ను చూసి, లీకుంది, లారీ ఎక్కదు అంది. ఆ కళ్లు చూశాక కోపం తెచ్చుకోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

రెండో ఇల్లూ ఫెయిలే. షెడ్డుకి దిష్టి తగిలిందని తేల్చేశాను. టెస్టుకి ముందు ప్రతి ఇంటి వీధి గుమ్మం పైన బూడిద గుమ్మడికాయ కట్టడం నా అలవాటు. రావికమతంలో మా అమ్మ జోగులమ్మ పెరట్లో కాసినవే తెస్తాను. మూడో ఇంటికి ఇంకా పెద్ద కాయ కట్టాను. అది ఇంకా ఘోరంగా ఫెయిలయింది.

మేనేజరు భానుమూర్తిగారు పిలిచి, నాలుగోదీ పోతే నన్ను యలమంచిలి గోడౌనుకి మార్చేస్తానన్నారు. గోడౌను మంచిదే. అక్కడ వేదశ్రీ ఉండదు, అదీ నా బాధ.

నాలుగో ఇంటి రోజు ఒకటే వాన. అమ్మ ఏరి పంపిన పది కిలోల కాయ కట్టాను. మీటరు మళ్లీ అదే మాట. సిగ్గు విడిచి అడిగేశాను.

"ఈ ఒక్కసారికి సంతకం పెట్టేయండి వేదశ్రీ గారూ. నన్ను యలమంచిలి పంపేస్తారంట."

ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. "పెట్టనండి. ఈ ఇంట్లో ఉండబోయేవోళ్లు మీకేటి అపకారం సేసారు?" నా వైపు చూడకుండానే అంది. "మీరెళ్లిపోతే నాకూ బాగోదు. లీకు పట్టుకుందాం. బేగి అగరొత్తులు తెండి."

ఫ్యాను తిరుగుతుండగానే ఆమె అగరొత్తి పట్టుకుని లోపలి గోడల వెంట నడిచింది. నేను నిచ్చెనతో వెనకే. కిటికీల దగ్గర, మూలల్లో పొగ నిటారుగానే లేచింది. వీధి గుమ్మం పైకి వచ్చేసరికి చెల్లాచెదురైపోయింది. ఆమె నిచ్చెనెక్కి అక్కడున్న ప్లాస్టిక్ మూత ఊడదీసింది.

"ఇదేటి?"

"గుమ్మడికాయ హుక్కు బోల్టండి."

సందులన్నీ మూసేశాక డ్రిల్లు పెట్టి గోడకి కన్నం చేసింది నేనే. కాయ పెరిగినకొద్దీ బోల్టూ పెంచాను, కన్నమూ పెంచాను.

"కన్నమని ఎప్పుడూ అనుకోలేదండి. దిష్టికి కదా అది."

ఆమె నిచ్చెన గట్టిగా పట్టుకుని మరీ నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కన్నం పూడ్చాం, కాయని బయట చూరు కమ్మీకి కట్టాం, మళ్లీ ఫ్యాను తిప్పాం. ఇల్లు పాసయింది. ఆమె సంతకం పెడుతుంటే నా గుండె లారీ కంటే గట్టిగా మోగింది. ఇక దాచలేక, మీరంటే నాకిష్టమండి అని చెప్పేశాను.

ఆమె ఫైలు మూసి వానలోకి చూసింది.

"మీ అమ్మగారిని ఇంకో కాయ ఉంచమనండి."

"ఏ ఇంటికండీ?"

"మనింటికి. డ్రిల్లు మాత్రం మీ చేతికివ్వను."