ఉల్లిగడ్డ మైకూ ఆదివారం మ్యాచూ

మ్యాచ్ చూడటానికి మొత్తం ఆరుగురు వచ్చారు. అందులో ఒకటి కుక్క.

మిగిలిన ఐదుగురిలో ఇద్దరు నీడ కోసం కూర్చున్నారు. ఒకాయన మెట్ల మీద పడుకుని గురక పెడుతున్నాడు. ఇంకొకాయన గ్రౌండ్‌కు వీపు పెట్టి నిలబడి, ఫోన్లో ఎవరితోనో ప్లాటు గొడవ మాట్లాడుతున్నాడు. నిజంగా ఆట చూస్తున్నది జ్యోతిక ఒక్కతే.

సరూర్‌నగర్ చెరువుకు కాస్త అవతల ఉన్న ఆ గ్రౌండ్‌ను చెరువుకట్ట ఫుట్‌బాల్ క్లబ్ పిల్లలు స్టేడియం అంటారు. ఒక పక్కన నాలుగు వరసల సిమెంటు మెట్లున్నాయి మరి, స్టేడియం కాక ఇంకేమిటి? జ్యోతిక అన్న అభిలాష్ ఆ క్లబ్ గోల్‌కీపర్. వాడికి పదమూడేళ్లు, జ్యోతికకు పదేళ్లు. దేవుడు అన్నకు ఇవ్వాల్సిన గొంతు కూడా పొరపాటున చెల్లెలికే ఇచ్చేసినట్టున్నాడు. ఆమె తమ వీధిలో పిలిస్తే చైతన్యపురి మెట్రో స్టేషన్లో ఎవరో ఒకరు "ఆఁ" అంటారని వాళ్ల తాత మట్టయ్య అంటుంటాడు.

మ్యాచ్ అయిపోయాక రామచంద్రం వచ్చాడు. గ్రౌండ్ ఏ రోజు ఎవరికివ్వాలో చెప్పేది ఆయనే. చేతిలో ఎప్పుడూ ఒక రిజిస్టర్ ఉంటుంది.

"సాయినాథ్ సార్, క్రికెట్ కోచింగోళ్లు ఆదివారం మాకియ్యమని రోజూ నా పానం తింటున్నరు" అన్నాడు. "మీ ఆట సూడనీకి కుక్క తప్ప ఎవ్వరొస్తలేరు."

"కుక్క గూడ మన ఫ్యానే సార్" అని కోచ్ సాయినాథ్ నవ్వబోయాడు. రామచంద్రం నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు.

"వచ్చే ఆదివారం తుర్కయంజాల్ టీమ్‌తోని మ్యాచ్ ఉంది గద. ఆట అయిపోయేదాక గీ నాలుగు వరసలు నిండుగ ఉండాలె. లేకపోతే ఆదివారం క్రికెటోళ్లకే. మళ్లా నన్ను అనొద్దు."

మిగతా రోజులన్నీ బడి, ట్యూషన్. పిల్లలకు దొరికేది ఆదివారమే. అదీ పోతే ఇక క్లబ్బే ఉండదు. ఇంటికి వచ్చేదాకా అభిలాష్ గ్లవ్స్ కూడా తీయలేదు.

"నువ్వు పరేషాన్ కాకన్నా" అంది జ్యోతిక. "సప్పుడు లేని కాడికి జనం ఎందుకొస్తరు? సప్పుడు నేను చేస్త. తాత మైకు ఉంది గద."

మట్టయ్యకు ఒక ట్రాలీ ఆటో ఉంది. అందులో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వేసుకుని కాలనీలన్నీ తిరుగుతాడు. ఆటో నెత్తిన ఒక మైకు. అందులో మట్టయ్య గొంతే రికార్డయి ఉంటుంది. రోజంతా అదే పాట పాడుతుంది, మట్టయ్య మాత్రం హాయిగా చాయ్ తాగుతుంటాడు. నేరుగా మాట్లాడాలంటే దానికి వైరుతో ఒక చేతి మైకు కూడా ఉంది.

మనవరాలు అడిగితే తాత కాదంటాడా? సరేనన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అభిలాష్ బూట్ల లేసులు కట్టుకుంటూ చెల్లెల్ని పిలిచాడు.

"ఒక్క ముచ్చట ఇను. బాల్ నా దిక్కు ఒచ్చినప్పుడు మైకు బంద్ పెట్టు. నేను మావోళ్లకు చెప్పేది వాళ్లకు ఇనవడాలె."

"సరే సరే" అంది జ్యోతిక. ఆ సమయంలో ఆమె అద్దం ముందు నిలబడి దువ్వెన పట్టుకుని మైకులో ఎలా మాట్లాడాలో చూసుకుంటోంది. అన్న మాట ఒక చెవిలోకి కూడా పోలేదు, ఇక రెండో చెవి సంగతెందుకు.

నాలుగింటికి ట్రాలీ గ్రౌండ్ పక్కన ఆగింది. సరుకంతా అందులోనే ఉంది. "చాయ్ తాగొస్త, ఏది ముట్టకు" అని మట్టయ్య అటు వెళ్లాడో లేదో, జ్యోతిక డ్రైవర్ సీటెక్కింది. ఎదురుగా రెండు స్విచ్‌లు, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. ఎర్రది బాగుందనిపించింది. నొక్కింది.

"ఉల్లిగడ్డమ్మా ఉల్లిగడ్డా... ఆలుగడ్డమ్మా ఆలుగడ్డా... మీ ఇంటి ముంగటికే ఒచ్చింది, జల్ది రండ్రమ్మా..."

మట్టయ్య గొంతు స్టేడియం దాటింది, చుట్టుపక్కల సందులన్నీ తిరిగింది. జ్యోతిక మళ్లీ నొక్కింది. ఆగలేదు. నల్లది నొక్కింది. ఇంకా పెద్దగా వచ్చింది. తుర్కయంజాల్ పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సాయినాథ్ సార్ తల పట్టుకున్నాడు. మట్టయ్య చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చి వైరు ఊడబెరికేసరికి పది నిమిషాలయింది.

ఆ పది నిమిషాలు చాలు. పొద్దుటి నుంచి మట్టయ్య సందుల్లోకి రాలేదు కదా, కాలనీల్లో ఆడవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. గేటులోంచి ముందుగా ఇంద్రమ్మ వచ్చింది, చంకలో స్టీలు బేసిన్‌తో. వెనకాల సంచులు, బుట్టలు, బకెట్లు. గ్రౌండ్ వెనక వీధి అరుణజ్యోతి ఆంటీ వచ్చీ రాగానే అడిగింది.

"మట్టయ్యగారూ, ఉల్లిపాయలు ఇక్కడ అమ్మడమేంటండీ? మా వీధికి రాకూడదా?"

"గీడ మ్యాచ్ ఉందమ్మా. జర లైన్ల కూసోండ్రి, అందరికిస్త" అన్నాడు మట్టయ్య.

లైను పొడుగ్గా ఉంది, ఎండ గట్టిగా ఉంది. ఆడవాళ్లంతా వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. ఒక వరస, రెండు వరసలు, మూడు, నాలుగు. పోయిన వారం గురక పెట్టినాయన పడుకోవడానికి జాగా లేక లేచి కూర్చున్నాడు.

జ్యోతిక ఆనందానికి హద్దు లేదు. "సూసిన్రా సార్, నిండిపోయింది" అంది రామచంద్రంతో.

"గీళ్లు ఉల్లిగడ్డకొచ్చిన్రు పోరి, ఆటకు కాదు. ఆట అయిపోయేదాక ఉంటేనే లెక్క" అన్నాడు ఆయన.

ఉంచుతాను చూడు అనుకుంది జ్యోతిక. తాతతో ఉల్లిగడ్డ పాట ఆపించి, వైరు మళ్లీ తగిలించుకుని చేతి మైకు పట్టుకుంది. విజిల్ మోగినప్పటి నుంచి ఆమె నోరు మూతపడలేదు. బంతి ఎటు పోతే అటు అరిచింది. బంతి బయటికి పోయినా అరిచింది. రెఫరీ ముక్కు తుడుచుకుంటే దాన్నీ చెప్పింది.

"మన గోల్‌కీపర్ అభిలాష్, మా సొంత అన్న, పోయిన సంవత్సరం టైఫాయిడ్ ఒచ్చినా భయపడలే..." అని చెబుతుండగా తుర్కయంజాల్ వాళ్లు బంతిని ఎత్తుగా కొట్టారు. అది గోల్ ముందుకు మెల్లగా దిగుతోంది. అభిలాష్ చేతులు చాపి ముందుకు ఉరికాడు. డిఫెండర్ మణికంఠ కూడా తల ఎత్తి వెనక్కి ఉరికాడు. ఇద్దరూ ఢీకొని, కింద పడి, ఒకరి మీద ఒకరు దొర్లారు. బంతి వాళ్ల పక్కనుంచే తీరిగ్గా వెళ్లి గోల్‌లో ఆగింది.

"...ఎవ్వరొచ్చినా ఆపుతడు" అని మైకులో జ్యోతిక మాట అప్పుడు ముగిసింది.

హాఫ్ టైమ్‌కు ఆమె కోపంగా గ్రౌండ్‌లోకి వెళ్లింది. "ఏందన్నా, బాల్ నాది అని జర అరవొద్దా? మణికంఠకు ఎట్ల తెలుస్తది?"

అభిలాష్ నోరు తెరిచాడు. మాట రాలేదు. కుక్కర్ విజిల్ రాకముందు వచ్చే ఆవిరిలాంటి చప్పుడొకటి వచ్చింది.

మోకాలు రుద్దుకుంటూ మణికంఠ చెప్పాడు. "ఆడు మొదటి నుంచి అరుస్తనే ఉన్నడు. గొంతు పోయేదాక అరిచిండు. నీ మైకుల మాకేం ఇనవడలే."

జ్యోతిక ముఖం వాడిపోయింది. బూట్ల లేసులు కట్టుకుంటూ అన్న చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. సరే సరే అన్నది కూడా గుర్తొచ్చింది. ఆమెకు చాలా సిగ్గేసింది. అన్న మీద అరిచినందుకు ఇంకా సిగ్గేసింది. అభిలాష్ మాత్రం తిట్టలేదు. తిట్టాలన్నా గొంతు ఉంటే కదా.

అటు మెట్ల మీద ఆడవాళ్లు ఒక్కొక్కరే లేస్తున్నారు. ఉల్లిగడ్డ కొనడం అయిపోయింది, ఇంటికి పోయి వంట చూసుకోవాలి. రామచంద్రం రిజిస్టర్ తెరిచి పెన్ను మూత తీశాడు.

జ్యోతిక పరుగెత్తుకెళ్లి మైకు తాత చేతిలో పెట్టింది. "దీన్ని దాచిపెట్టు తాత. నేనడిగినా ఇయ్యకు." అక్కడి నుంచి మెట్ల దగ్గరికి ఉరికింది.

"పెద్దమ్మా, పోకుండ్రి" అంది ఇంద్రమ్మ చీర కొంగు పట్టుకుని.

"ఎందుకే? పొయ్యి మీద పప్పు పెట్టొచ్చిన."

"మా అన్నకు గొంతు పోయింది పెద్దమ్మా. నా వల్లనే. నేను మైకుల లొల్లి లొల్లి చేస్తుంటె, ఆడు దానికన్న గట్టిగ అరిచిండు. ఇప్పుడు మెల్లగ కూడ మాట్లాడొస్తలేదు. ఆ గోలు కూడ అందుకే పడ్డది."

అంత చిన్నగా జ్యోతిక మాట్లాడటం ఇంద్రమ్మ ఎప్పుడూ వినలేదు. బేసిన్ కింద పెట్టింది.

"గొంతు పోయిందా? మిరియాల కషాయం పొయ్యాలె."

"కషాయమెందుకండీ, పసుపు పాలివ్వాలి. మా ఇల్లు ఇక్కడే, ఇప్పుడే తెస్తాను" అంటూ అరుణజ్యోతి ఆంటీ చెప్పులేసుకుంది.

"ముందుగాల ఉప్పు నీళ్లు పుక్కిలియ్యాలె" అంది పై వరసలోని ముసలమ్మ. "పాలు తర్వాత."

గొంతు నొప్పి అనగానే మనవాళ్లలో డాక్టరు కానివాళ్లు ఎవరు? లేచినవాళ్లంతా ఆగిపోయారు. ఇంద్రమ్మ కొడుక్కి ఫోన్ చేసి స్టవ్ కట్టేయమంది. పది నిమిషాల్లో అభిలాష్ ఉప్పు నీళ్లు పుక్కిలించాడు, పసుపు పాలు తాగాడు, కషాయం మింగాడు. గొంతు రాలేదు కానీ, నడిస్తే కడుపులో గుడగుడమని వినిపిస్తోంది.

"పిలగానికి నయమైందో లేదో సూసే పోదాం" అంది ఇంద్రమ్మ. అందరూ మళ్లీ కూర్చున్నారు.

జ్యోతిక ట్రాలీలోంచి ఖాళీ ఉల్లిగడ్డ సంచి ఒకటి తెచ్చింది, ఎర్ర వల సంచి.

"నేను గిది పైకి లేపితే అందరు సప్పుడు బంద్ చెయ్యాలె. కిందికి దింపితే మీ ఇష్టం."

రెండో సగం మొదలైంది. బంతి మన గోల్ వైపు వస్తే సంచి పైకి లేస్తుంది, మెట్లన్నీ మౌనం. బంతి అటు పోతే సంచి కిందికి దిగుతుంది. అప్పుడు ఇంద్రమ్మ బేసిన్ మీద కషాయం కలిపిన గరిటె మోగుతుంది, బకెట్లు మోగుతాయి. పప్పు చెడిపోతుందన్న బాధంతా ఆమె ఆ బేసిన్ మీదే తీర్చుకుంది. ఆ మోతకు మణికంఠకు ఎక్కడలేని హుషారొచ్చి, డిఫెండర్‌నన్న సంగతి మర్చిపోయి, బంతిని అటు చివరిదాకా తీసుకెళ్లి గోల్ కొట్టేశాడు. ఒకటికి ఒకటి. మెట్ల మీద ఒక సంచి జారి ఉల్లిగడ్డలు గ్రౌండ్‌లోకి దొర్లితే, రెఫరీ ఆట ఆపి ఏరించాల్సి వచ్చింది.

చివరి నిమిషం వచ్చింది. తుర్కయంజాల్ వాళ్లకు కార్నర్ కిక్ దొరికింది. గోల్ ముందు పిల్లలంతా గుంపుగా చేరారు.

జ్యోతిక రెండు చేతులతో సంచి ఎత్తింది. అరుపు ఆమె నోటి దాకా వచ్చింది. పెదవులు పళ్ల మధ్య బిగించింది. మెట్ల మీద గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఎవరిదో ఫోన్ మోగబోతే రామచంద్రం అటు చూసి వేలు పెదవుల మీద పెట్టాడు. తీరా చూస్తే అది ఆయన ఫోనే.

బంతి గాల్లోకి లేచింది.

"నాదే."

బొంగురుగా, గీసినట్టుగా, చిన్నగా వచ్చింది ఆ మాట. అయినా గ్రౌండ్ మొత్తానికి వినిపించింది. మణికంఠ ఠక్కున పక్కకు జరిగాడు. అభిలాష్ ఎగిరి బంతిని రెండు చేతుల్లో పట్టి గుండెకు హత్తుకున్నాడు.

సంచి కిందికి దిగింది. ఆ తర్వాత లేచిన మోత ఎంతంటే, చెరువు మీది కొంగలు లేచిపోయాయి. "పిలగానికి గొంతొచ్చింది" అని ఇంద్రమ్మ పక్కనున్న అందరికీ చెప్పింది. "నా కషాయమే."

"పసుపు పాలండీ" అంది అరుణజ్యోతి ఆంటీ.

మ్యాచ్ ఒకటి ఒకటితో సమానంగా ముగిసింది. మెట్ల మీద ఒక్క జాగా ఖాళీ లేదు. రామచంద్రం రిజిస్టర్‌లో ఏదో రాసి మూసేశాడు.

"ఆదివారం మీకే సార్" అన్నాడు సాయినాథ్‌తో. తర్వాత గొంతు తగ్గించి, "మట్టయ్యా, నాకు రెండు కిలోలు తీసిపెట్టు" అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ తాత పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఇంకా కాస్త ఆలుగడ్డ మిగిలిందని మట్టయ్య ఎర్ర స్విచ్ నొక్కాడు. "ఉల్లిగడ్డమ్మా" అని మైకు మొదలెట్టింది. అభిలాష్ చెల్లెలి వైపు తిరిగి పెదవులు కదిలించాడు.

జ్యోతిక చేయి చాపి వైరు ఊడబెరికింది.

"జర ఆగు తాత, అన్న ఏందో చెప్తున్నడు" అని, వాడి నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఏమంటున్నడే?" అన్నాడు మట్టయ్య.

జ్యోతిక పూర్తిగా విన్నాకే తల ఎత్తింది.

"ఇంకోపాలి పసుపు పాలు ఒద్దంట తాత. ఆకలైతుందంట."