బన్రి అన్నారా, బండ్రి అన్నారా?

నెమలి నెక్కి జగము నిఖిలమ్ముఁ దిరుగాడి
యన్న గెలువ వెనుక నరుగుదెంచి
యాలసించు వారి యార్తినిఁ దెలిసిన
స్వామి! బస్సుదారి సాగనిమ్ము.

కన్నడసీమ బళ్ళారి జిల్లాలో సండూరు కొండపై వెలసిన కుమారస్వామికి ఇలా మ్రొక్కి, సండూరు–బండ్రి బస్సు చరిత్ర చెప్పుకుందాం. చరిత్ర అనగానే రాజులూ యుద్ధాలూ ఉంటాయని ఆశపడకండి. ఇందులో ఉన్నది ఒక పాత బస్సు, దానికంటే పాతదైన హారను, ఆ రెండింటికీ ఏకైక వారసుడైన కోదండరామి.

ఎద్దుల బండ్లు మ్యాంగనీసు మోసే కాలంలో, బండ్రివాడైన అతని తండ్రి నెట్టికంటప్ప ఆ దారిన బస్సు తిప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు తారురోడ్డు కూడా లేదు. చేల మధ్య బండిబాటే దారి. బస్సు హారను విని ఇల్లాండ్రు పొయ్యిమీద ఎసరు పెట్టేవారు. తరువాత పరదేశాలకు మన కొండలు కావలసివచ్చాయి. చేలు దున్నినవారు లారీల యజమానులయ్యారు. కొండలు ముక్కలై లారీలెక్కి రేవులకు తరలిపోతుంటే, వాటి వెనుక నెట్టికంటప్ప బస్సు దగ్గుతూ నిలబడేది. ఉదయపు సర్వీసు మధ్యాహ్నానికి వచ్చేది. మధ్యాహ్నపు సర్వీసు దైవాధీనం.

తండ్రి డ్రైవరు, కొడుకు కండక్టరు. పేరులో కోదండం ఉన్నా కోదండరామి చేతిలో ఉన్నది ఈల మాత్రమే. తెల్లచొక్కాలో తాను మన్మథుడినని అతనికి గట్టి నమ్మకం. రెండో స్టాపు దాటేసరికి ఆ చొక్కా ఇనుపరాతి రంగుకు తిరిగేది; నమ్మకం మాత్రం చెక్కుచెదిరేది కాదు.

ఒక శనివారం సండూరు బస్టాండులో సన్నని వాన. కోదండరామి మెట్టుమీద వేలాడుతూ, తన గొంతు మేఘగర్జనను తలపిస్తోందని తానే మెచ్చుకుంటూ, "బండ్రి! బండ్రి!" అని అరుస్తున్నాడు. గొడుగు కింద నిలబడిన ఒక యువతి అతనివైపు చూసింది. చిన్నగా నవ్వింది. తలవంచి బస్సెక్కింది.

కోదండరామి గుండెలో రెండు ఈలలు మోగాయి.

ఊరు దాటాక టికెట్టు కొట్టడానికి వెళ్ళాడు. "యాడికి మేడమ్?"

"కప్పగల్లుకు."

"కప్పగల్లా! అది బళ్ళారి పక్క కదా. ఈ బస్సు పొయ్యేది బండ్రికి."

"మరి నన్నెందుకు పిలిస్తివప్పా?"

"నేనా? మిమ్మల్నా?"

"వాన్లో తడుస్తా బన్రి, బన్రి అంటివే! కన్నడంలో బన్రి అంటే దయచేయండి అని మా నాయన చెప్పినాడు. ఎవరో మర్యాదస్తుడు పిలుస్తాండాడు, ఎక్కకుంటే బాగుండదని ఎక్కితి."

"అయ్యో! బండ్రి అనేది ఊరు మేడమ్, ఊరు!"

బస్సంతా గొల్లుమంది. ముందు సీటులోని రుద్రమ్మవ్వ వెనక్కి తిరిగి, "ఒరే రామీ, ఇన్నేండ్లకు నీ అరుపులో మర్యాద కనబడింది రా ఒకరికి!" అంది.

ఆ యువతి పేరు అనుపమ. అవ్వగారి ఊరైన ఉరవకొండలో పెరిగి, సండూరు బడిలో కొత్తగా టీచరుగా చేరింది. తండ్రి వెంకటరామి కప్పగల్లులో రైతు. ఎక్కిన పాపానికి బండ్రిదాకా పోయి సండూరుకు తిరిగివచ్చేటప్పుడు బస్సు లారీల వెనుక ఆగిపోగా, ఆమెకు ఒక చక్కని మాట చెప్పాలని కోదండరామి తలపోశాడు. చంద్రునితో పోలుద్దామా అంటే, ఆ ఎర్రధూళిలో చంద్రుడు సరిగా కనబడి చాలా కాలమైంది. పేరే అనుపమ, ఉపమానానికి అందనిది. నేర్చిన నాలుగు పద్యాలూ అక్కరకు రాలేదు. చివరికి గొంతు సవరించుకుని, "మీ గొడుగు బాగుండాది మేడమ్," అన్నాడు.

"థాంక్స్. మీ ఊరి పేరు గూడా బాగుండాది," అంది అనుపమ, కిటికీవైపు తిరిగి నవ్వు దాచుకుంటూ.

మరుసటి శనివారం ఆమె మళ్ళీ వచ్చింది. "ఈ పొద్దు బన్రినా, బండ్రినా?"

"మీకు బన్రి. మిగతావాళ్ళకు బండ్రి."

అలా ప్రతి శనివారం ఆమె బండ్రిదాకా పోయి, తిరిగొచ్చి, అప్పుడు బళ్ళారి బస్సెక్కేది. దారి తప్పడంలో ఇంత నియమం పాటించిన ప్రయాణికురాలిని ఆ మార్గం ఎరుగదు. తన చొక్కా మహిమే ఇదంతా అని కోదండరామి లెక్క.

వానలు ముదిరాక ఒక శనివారం ఆమె నవ్వకుండా ఎక్కింది. "మా నాయన ఒక లారీలాయన సంబంధం చూసినాడు. రేపు వస్తారంట. పొద్దుగూకేలోగా తాంబూలం పుచ్చుకుంటారంట."

కోదండరామి ఈల చేజారింది. "బస్సు అమ్మేస్తా. నేనూ లారీ కొంటా."

"కొను! నేను యాడ కూర్చోవాల, రాళ్ళమీదనా?" ఆమె కోపంగా కన్నీరు తుడుచుకుంది. "మీ నాయన్ని పిల్చుకోని వాళ్ళకంటే ముందు రా. నీ గురించి మా నాయనకు చెప్పే ఉండా."

మరునాడు బస్సునే పెండ్లిచూపుల వాహనంగా మార్చి తండ్రీకొడుకులు బయలుదేరారు. సండూరు దాటగానే లారీల బారు! నెట్టికంటప్ప ఒక్క క్షణం ఆలోచించి, తొలినాళ్ళలో నడిపినట్టే బస్సును చేల మధ్య బండిబాటలోకి దింపాడు. బురదలో దిగబడుతూ, లేస్తూ, పొద్దు వాలేవేళకు కప్పగల్లు చేరారు. మన్మథుడు పాదాలనుండి మీసాలదాకా ఎర్రమట్టితో వినాయకచవితి విగ్రహంలా ఉన్నాడు.

రోడ్డుకు అవతల వాకిట్లో వెంకటరామి చేయెత్తి ఏదో అరిచాడు. మధ్యలో లారీల హారన్లు.

కోదండరామి ముఖం వాడిపోయింది. "తిప్పు నాయనా. మనల్ని బండ్రికి పొమ్మంటాండాడు."

"ఊరి పేరు చెప్పి మరీ తరుముతాండాడేందిరా!" అంటూ నెట్టికంటప్ప స్టీరింగు తిప్పాడు.

"హోల్డాన్!"

బస్సు టక్కున ఆగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, లారీల మధ్యనుండి అనుపమ పరుగెత్తుకొచ్చింది. "యాడికి పోతాండావు?"

"మీ నాయన బండ్రి అన్నాడు కదా!"

"బన్రి అన్నాడు! బన్రి! ఇంట్లోకి దయచేయండి అంటే తిరిగి పోతారా ఎవరైనా?"

పుట్టినప్పటినుండి బండ్రి, బండ్రి అన్న అరుపే విన్న చెవులకు మర్యాద వినబడడం మానేసింది మరి! కోదండరామి మెట్టు దిగి, చొక్కా దులుపుకోబోయి, లాభంలేదని మానుకున్నాడు. "అనుపమా, నువ్వంటే నాకు..." ఒక లారీ పెద్దగా హారను కొట్టింది.

"వినబడింది," అంది ఆమె. "నేను ఈసారి సరిగ్గానే విన్నా."

అంతలో వెంకటరామి రోడ్డు దాటి వచ్చాడు. కోదండరామి, "లారీలాయన వచ్చిపోయినాడా మామా?" అన్నాడు.

"యాడప్పా! ఆయప్ప కారుకు ఆయప్ప లారీలే అడ్డం నిలబడినాయంట. ఇంగ రేపొస్తానని ఫోన్ చేసినాడు. వద్దులే అంటి." ఆయన ఎర్రబారిన బస్సును, దానికంటే ఎర్రబారిన అల్లుణ్ణి తేరిపార చూశాడు. "లేటైనా మీది వచ్చే బండి. ఏమంటావు తల్లీ?"

అనుపమ తలవంచుకుంది. "రైట్ అను నాయనా."

"రైట్! రైట్!" అని వెంకటరామి ఊరంతా వినబడేలా అరిచాడు.

ఆ మాట చెవిన పడగానే, ఏండ్ల అలవాటుకొద్దీ నెట్టికంటప్ప గేరు వేశాడు. బస్సు కదిలి ముందుకు పోయింది. దాని చరిత్రలో మొదటిసారిగా కండక్టరు దానివెంట పరుగెత్తలేదు.

ఈ కథ విన్నవారందరినీ కుమారస్వామి చల్లగా చూచుగాక! వారి బస్సులు ఆలస్యమైనా ఇల్లు చేరుగాక! దారి తప్పినవారికి తోడు దొరుకుగాక! వాకిట నిలిచిన ప్రతివారి చెవికీ "బన్రి" అన్న మాట "బన్రి"గానే వినబడుగాక!