వంతెన దాకా అమ్మ

బట్టల షాపులో పనంటే నీడపట్టున హాయిగా ఉండే పనేగా అంటారు అందరూ. చేసి చూస్తే తెలుస్తుంది. కొనేవాళ్ళు ఉన్నా లేకపోయినా కూర్చోకూడదు, అదీ అక్కడి రూలు. అలాంటి షాపులో పనిచేసే ఒక పిల్లని ఇంట్లో పొట్టి అని పిలిచేవాళ్ళు. మనిషీ అంతే, బస్సులో పైన రాడ్డు కూడా అందదు. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయి చెప్పుల్లో పట్టేవి కావు.

వాళ్ళమ్మ ఆసుపత్రిలో వార్డులు తుడిచేది. ఆవిడా రోజంతా నిలువుకాళ్ళ మీదే. సాయంత్రం ఇంటికెళ్ళే బస్సు పొట్టి మొదటి స్టాపులో ఎక్కేది కాబట్టి ఒక సీటు దొరికేది. ఆసుపత్రి దగ్గర అమ్మ ఎక్కేసరికి బస్సు కిక్కిరిసిపోయేది. ఉన్నది ఒక్క సీటు, మనుషులు ఇద్దరు. అందుకని తల్లీకూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆసుపత్రి నుంచి వంతెన దాకా అమ్మ కూర్చోవాలి, వంతెన దాటాక కూతురు. వంతెన రాగానే అమ్మ లేచి, కూతురి భుజం మీద రెండు వేళ్ళతో తట్టేది.

కానీ అమ్మ తొండి చేసేది. వంతెన ఇంకా అల్లంత దూరాన ఉండగానే లేచి తట్టేసేది.

"వచ్చేసిందిలే, కూర్చో."

"ఎక్కడొచ్చిందమ్మా? ఇంకా మార్కెట్టే దాటలేదు."

"నోరు మూసుకుని కూర్చో. రాడ్డు కూడా అందదు, నిలబడి ఏం ఉద్ధరిస్తావ్?"

పక్కవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ చివరి రోజు మాత్రం అమ్మ అసలు కూర్చోనేలేదు. "కూర్చుంటే నడుం పట్టేస్తోంది, నువ్వే కూర్చో" అంది. పొట్టికీ ఒళ్ళు హూనమై ఉంది. వాదించే ఓపిక లేక కళ్ళు మూసుకుంది. మెలకువ వచ్చేసరికి అమ్మ సీటు పక్క రాడ్డుకి తల ఆనించి ఉంది. నిలబడే కునుకు తీస్తోందనుకున్నారంతా. కండక్టర్ వచ్చి కదిపితే అలాగే ఒరిగిపోయింది, అప్పటికే ప్రాణం లేదు. బస్సు నిండా కూర్చున్న మనుషులే, అంతసేపూ ఒక్కరంటే ఒక్కరు లేచి సీటివ్వలేదు. పరాయివాళ్ళని ఏమంటుంది? కన్నకూతురే లేవలేదాయె. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అమ్మని ఇంటిదాకా కూర్చోబెట్టి తీసుకురావాలని పొట్టి ఎంత ఏడ్చిందో. ఇక ఎవర్ని తీసుకొస్తుంది?

నెల తిరిగాక మళ్ళీ పనిలోకి వెళ్ళింది. ఆ సాయంత్రం ముసురు పట్టింది. బస్సు అద్దాలన్నీ మూసేశారు. లోపల మసక లైటు, తడి గొడుగుల వాసన. ఆసుపత్రి స్టాపులో తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. తలుపు మూసుకుంది. ఆ వెంటనే ఫినాయిల్ వాసన గుప్పుమంది... పొట్టి అలవాటు కొద్దీ లేచి నిలబడింది. లేచాక గానీ గుర్తు రాలేదు, ఇక లేవనక్కర్లేదని.

వెనక నిలబడి ఉన్న ఒకాయన పెద్ద సంచీ మోసుకుంటూ ఆ సీటు వైపు వచ్చాడు. కూర్చోబోయి చప్పున వెనక్కి జరిగాడు.

"కూర్చోండి, ఫర్వాలేదు" అంది పొట్టి.

"భలేదానివమ్మా. పెద్దావిడ కూర్చుందిగా" అని ముందుకు వెళ్ళిపోయాడు.

పొట్టి తిరిగి చూసింది. సీట్లో ఎవరూ లేరు. కానీ రెక్సిన్ మధ్యలో కుంగి ఉంది...

"అమ్మా..." అంది, తనకే వినపడనంత మెల్లగా.

కుంగిన రెక్సిన్ నెమ్మదిగా పైకి లేచింది. ఫినాయిల్ వాసన ముఖం పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. భుజం మీద... రెండు వేళ్ళు. తడిగా. చల్లగా.

"వచ్చేసిందిలే... కూర్చో."

వంతెన రాలేదు. కిటికీలో ఇంకా మార్కెట్టు లైట్లే.

"రాలేదమ్మా. ఈరోజు ఇంటిదాకా నువ్వే కూర్చో."

వేళ్ళు పోయి చెయ్యంతా పడింది. బరువుగా. కిందికి నొక్కింది... మోకాళ్ళు వంగిపోయాయి. సీట్లో పడింది. లేవబోయింది. లేవనివ్వలేదు. అమ్మ చెయ్యే అయితే ఇంత చల్లగా ఉంటుందా? ఏడుపూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. వంతెన వచ్చింది, దాటింది. చెయ్యి తియ్యలేదు. దిగే స్టాపు వచ్చాకే వదిలింది.

ఇంటికొచ్చి, తాళం తీసి, చెప్పులు విప్పుతూ కాళ్ళు చూసుకుంది. రోజంతా నిలబడినా వాపు లేదు. నొప్పి కూడా లేదు. గడప పక్కన అమ్మ చెప్పులున్నాయి, నెలగా ఎవరూ ముట్టుకోనివి. అవి తడిసి ఉన్నాయి. వాచిన కాళ్ళు అప్పుడే వాటిలోంచి బయటికొచ్చినట్టు పట్టీలు తెగేంతగా సాగిపోయి ఉన్నాయి.

పొట్టి గడప మీదే కూలబడింది. "పోయాక కూడా నిలబడే ఉంటావా అమ్మా..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ తెచ్చి ఆ చెప్పుల పక్కన వేసింది. చేత్తో దుమ్ము తుడిచింది.

"ఇక్కడ బస్సూ లేదు, వంతెనా లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చో."

చాలాసేపు చూసింది. కుర్చీ ఖాళీగానే ఉంది. కిర్రుమని కూడా అనలేదు.

వెనకనుంచి ఫినాయిల్ వాసన వచ్చింది. భుజం మీద రెండు వేళ్ళు తట్టాయి.