కెప్టెన్ సంహిత ఆత్రం: తొమ్మిది

"అరచెయ్యి గట్టిగా ఆనించండి కెప్టెన్ గారూ. పది లెక్కపెట్టేదాకా తియ్యకండి," అన్నాడు డాక్టర్ భార్గవ.

సంహిత ఆనించింది. శంషాబాద్ విమానాశ్రయంలో ఇరవై ఏడో గేటు దగ్గర, కౌంటర్ మీద, ఇస్త్రీపెట్టె అంత యంత్రం ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. ముందువైపు చిన్న కెమెరా, పైన చెయ్యి పెట్టుకోవడానికి చల్లటి లోహపు పలక. అది కాసేపు గుర్రుమని, తెర మీద తన తీర్పు చెప్పింది: 9.

"తొమ్మిదంటే... పదికా?" అని అడిగింది సంహిత ఆశగా.

"నూటికి," అన్నాడు డాక్టర్.

ఆవిడ ఆ సాయంత్రం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు రాజమండ్రిలో నిశ్చితార్థం పీటల మీద కూర్చోవాల్సిన మనిషి. చూడ్డానికి వెళ్తున్న చుట్టం కాదు, సాక్షాత్తూ పెళ్ళికూతురు. అప్పటికి రెండు ముహూర్తాలు తప్పాయి. రెండుసార్లూ ఆవిడకి విమానంలో సీటు దొరకలేదు. మూడోది కూడా తప్పితే ఈ సంబంధం మాకొద్దని పెళ్ళికొడుకు తల్లి భాగ్యలక్ష్మిగారు అందరి ముందూ తేల్చి చెప్పేసింది.

విమానం నడిపే మనిషికి విమానంలో సీటు దొరక్కపోవడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అందరికీ వస్తుంది, విమానం నడిపేవాళ్ళకి తప్ప. గగనిక ఎయిర్‌లైన్స్‌లో పైలట్లకి ప్రయాణం ఉచితం. సీటుకే గ్యారంటీ లేదు. ముందుగా కంపెనీ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని లిస్టింగ్ అంటారు. టికెట్ కొన్న మహారాజులంతా ఎక్కాక ఇంకా ఖాళీలుంటే, గేటు దగ్గర పేరు పిలుస్తారు. పిలిచేదాకా చేతిలో బ్యాగు, మొహాన నవ్వు పెట్టుకుని నిలబడాలి. దాన్ని స్టాండ్‌బై అంటారు. క్యాబిన్ నిండిపోతే చివరి ఆశ జంప్‌సీట్. కాక్‌పిట్‌లో పైలట్ల వెనక గోడకి మడిచి ఉండే బుల్లి కుర్చీ అది. అది పైలట్లకే ఇస్తారు. అదీ, ఆ విమానం కెప్టెన్‌ని స్వయంగా వెళ్ళి అడిగి, ఆయన ఊఁ అంటేనే.

ఇదివరకు ఈ పిలుపు సీనియారిటీ ప్రకారం ఉండేది. ముందు ఉద్యోగంలో చేరినవాళ్ళకి ముందు సీటు. దానివల్ల ఊరికే ఊరెళ్ళే సీనియర్ ఎక్కేవాడు, ఆసుపత్రికి పరుగెత్తే జూనియర్ ఉండిపోయేవాడు. అదిగో, ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే డాక్టర్ భార్గవ నాలుగేళ్ళు కష్టపడి ఈ యంత్రం తయారుచేశాడు. అది గుండె వేగం, అరచేతి చెమట, కనుపాపల వెడల్పు, ఊపిరి చూసి, మనిషికి ప్రయాణం ఎంత అవసరమో నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. దానికి ఇంగ్లీషులో ఏడు మాటల పేరు ఉంది. సిబ్బంది మాత్రం ఆత్రం మీటర్ అంటారు. పెట్టి ఇవాళ్టికి నాలుగు రోజులు.

"డాక్టర్ గారూ, ఇవాళ నా నిశ్చితార్థం," అంది సంహిత.

"నాకు చెప్పకండి. నోటిమాట లెక్కలోకి రాదు. యంత్రం అబద్ధాలు నమ్మదు."

"నిజాలు?"

"అవీ అంతే," అన్నాడు డాక్టర్ గర్వంగా.

ఆవిడ వెనక నిలబడ్డ కెప్టెన్ పేరిచర్ల రాజుగారు ముందుకొచ్చి చెయ్యి పెట్టారు. రిటైర్మెంట్‌కి ఏడాది దూరంలో ఉన్న పెద్దమనిషి. మీటర్ కెవ్వుమంది: 96.

సంహిత గబుక్కున ఆయన వైపు తిరిగింది. "సార్, ఇంట్లో ఎవరికైనా బాలేదా?"

"అందరూ గుండ్రాయిల్లా ఉన్నారమ్మాయ్. మా అక్క నిన్న పులస పులుసు పెట్టింది. పులస రెండోరోజే కదా రుచి! నేను వెళ్ళకపోతే మా బావ గిన్నె కూడా మిగల్చడు." ఆ మాట చెబుతుంటేనే ఆయనకి ఊపిరి ఆడలేదు.

"చూశారా!" అన్నాడు డాక్టర్, నోట్స్ రాసుకుంటూ. "స్వచ్ఛమైన అవసరం."

అసలు సంగతేమిటంటే, సంహిత తన వృత్తిలో మరీ మంచి విద్యార్థిని. ఆర్నెల్లకోసారి పైలట్లని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఒక ఇంజన్‌కి నిప్పు పెట్టి, రెండోది ఆపేసి, పైన పిడుగులు కురిపించి చూస్తారు. సంహిత నాడి అప్పుడు కూడా నిమిషానికి అరవై రెండు దాటదు. ప్రమాదం ఎంత పెద్దదైతే ఆవిడ అంత చల్లబడిపోతుంది. కంపెనీ అందుకు ఆవిడకి షీల్డు కూడా ఇచ్చింది.

"ఇంకోసారి పెట్టనా?" అంది.

"నిరభ్యంతరంగా."

కళ్ళు మూసుకుని ఘోరాలన్నీ ఊహించుకుంది. ఖాళీ పీట. భాగ్యలక్ష్మిగారి మూతి విరుపు. తన నర్సరీ పూలన్నీ పోగేసుకుని దిక్కులు చూస్తున్న పెళ్ళికొడుకు సుహాస్. అంతే, ఆవిడ బుర్ర దాని పని అది మొదలుపెట్టేసింది. ఒకటి, విజయవాడ విమానం చూడు. రెండు, అక్కణ్ణుంచి టాక్సీ మాట్లాడు. మూడు, చీర దారిలో కట్టుకో.

కళ్ళు తెరిచేసరికి తెర మీద 7.

ఫోన్ మోగింది. తల్లి నాగమణి.

"ఒసేయ్, లింకులో నీ పక్కన తొమ్మిది అని కనిపిస్తోందేంటే?"

రైలు వెయిటింగ్ లిస్టు చూసుకున్నట్టు చూసుకుంటారని, లిస్టింగ్ లింకు రెండు కుటుంబాలకీ సంహితే పంపింది. అప్పుడది మంచి ఆలోచనలాగే అనిపించింది.

"ఇప్పుడు ఏడమ్మా."

"ఏడా! మీ అత్తగారు హాల్లో అందరికీ ఫోను చూపించి అంటోంది, మా అబ్బాయి మీద నూటికి తొమ్మిదట ప్రేమ అని! కాస్త కంగారు పడవే తల్లీ. నీకు పుణ్యముంటుంది."

"పడుతున్నానమ్మా. ఇంతకంటే నాకు రాదు."

మూడున్నర అయింది. టికెట్ కొన్నవాళ్ళందరూ ఎక్కేశారు. గేటు ఏజెంట్ షమీమ్ లిస్టు తీసింది. "క్యాబిన్‌లో ఒక్క సీటే మిగిలింది. తొంభై ఆరు, రాజుగారు!" ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. ఇది ఆ రోజుకి రాజమండ్రి వెళ్ళే ఆఖరి విమానం.

"ఇంక జంప్‌సీట్," అంది షమీమ్.

మిగిలిన ఇద్దరు కుర్ర పైలట్లూ ముందుకు దూకారు. తలా నాలుగు కాఫీలు తాగి, ఆత్రాన్ని డెబ్బై ఒకటికీ అరవై నాలుగుకీ తెచ్చుకున్న ఘనులు వాళ్ళు. షమీమ్ రూల్స్ చదివింది. "కాక్‌పిట్‌లో కూర్చునేవాళ్ళ ఆత్రం నలభై దాటకూడదు. భద్రత కోసం. డాక్టర్ గారే రాశారు."

"అవును మరి. కంగారు మనిషిని కాక్‌పిట్‌లోకి ఎలా పంపిస్తాం?" అన్నాడు డాక్టర్.

"అయితే సంహితా మేడం ఒక్కరే అర్హులు. ఎక్కేముందు ఇంకోసారి చెయ్యి పెట్టాలి మేడం, ఫార్మాలిటీ."

సంహిత చెవులకి ఆ మాట గుడిగంటలా వినిపించింది. సీటు దొరికింది! గుండె ఎగిరి గంతేసింది. అరచేతులు చెమర్చాయి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. నవ్వుతూ చెయ్యి పెట్టింది.

88.



"ఇది ఆత్రం కాదు డాక్టర్ గారూ. సంతోషం!"

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "యంత్రానికి రెండూ ఒకటేనండీ. చెమట చెమటే కదా."

"క్యాబిన్‌లో ఇంకొక్క సీటుంటే ఈ అంకెకి మీకే వచ్చేది," అని నిట్టూర్చింది షమీమ్. కుర్ర పైలట్లలో ఒకడు అప్పుడే నేల మీద కూర్చుని, ముక్కు పట్టుకుని, ప్రాణాయామం మొదలుపెట్టాడు, నలభైకి దిగుతానేమోనని.

తలుపు మూయడానికి ఆరు నిమిషాలుంది. షమీమ్‌కి ఏదో తట్టింది. యంత్రాన్ని సంకలో పెట్టుకుని, వైరు ఈడ్చుకుంటూ విమానంలోకి పరుగెత్తింది. వెనక డాక్టర్, ఆయన వెనక సంహిత. పద్నాలుగో వరసలో రాజుగారు బెల్టు పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి, పులుసు ధ్యానంలో ఉన్నారు.

"సార్, ఒక్కసారి చెయ్యి."

మీటర్ అంది: 8.

డాక్టర్ నోరు తెరిచాడు. "తొంభై ఆరు కదా ఈయనకి! ఏమైపోయింది?"

"సీటు దొరికింది కదండీ, ఇంకెక్కడి ఆత్రం?" అన్నారు రాజుగారు ప్రశాంతంగా.

"అంటే ఈయన కాక్‌పిట్‌లో కూర్చోవచ్చు," అంది షమీమ్. "ఈయన సీటు ఖాళీ అవుతుంది. లిస్టులో అందరికంటే ఎక్కువ ఎనభై ఎనిమిది. కూర్చోండి మేడం."

రాజుగారు కాక్‌పిట్ తలుపు దగ్గరికి వెళ్ళి, టోపీ తీసి, తనకంటే పాతికేళ్ళు చిన్నవాడైన కెప్టెన్‌ని మర్యాదగా అడిగారు. ఆ కుర్రాడు లేచి నిలబడి మరీ ఊఁ అన్నాడు.

డాక్టర్ మాత్రం నడవలో కదలకుండా నిలబడిపోయాడు. "కానీ... అలా అయితే ఎక్కి కూర్చున్న ప్రతివాడి అవసరమూ సున్నాకి వస్తుంది. నా సూత్రం ప్రకారం వీళ్ళందరినీ దింపి, కింద ఉన్నవాళ్ళని ఎక్కించాలి. మళ్ళీ వాళ్ళని దింపి..."

"ముందు మీరు దిగండి సార్," అంది షమీమ్.

*

సంహిత చీర నిజంగానే టాక్సీలో కట్టుకుంది. ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టేసరికి అయిదుంపావు. గంట ముందు! గుమ్మంలోనే భాగ్యలక్ష్మిగారు ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఎనభై ఎనిమిది చూశానమ్మా! నా కళ్ళతో చూశాను. అందరికీ చూపించాను. మా వాడంటే అంత ఇదా నీకు!"

అది మడతకుర్చీ దొరికిన సంతోషమని చెప్పడానికి సంహితకి నోరు రాలేదు. "మీ అబ్బాయి ఎక్కడండీ?" అంది.

"కడియం వెళ్ళి దండలు తెస్తానని మధ్యాహ్నం అనగా వెళ్ళాడు. ఫోను కూడా కలవట్లేదు."

అంతలో ఆవిడ ఫోనే మోగింది. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నేను శంషాబాద్‌లో ఉన్నాను," అన్నాడు సుహాస్. "ఇరవై ఏడో గేటు దగ్గర. సంహిత ఇక్కడెక్కడా కనిపించట్లేదు."



"అక్కడికెందుకు పోయావురా!" అని అరిచింది తల్లి.

"రెండింటికి చూస్తే ఏడు అని ఉంది. ఏడుకి సీటేం వస్తుంది? ముహూర్తానికి ఇద్దరం ఒకచోట ఉంటే చాలు కదా అని, ఉంగరం జేబులో వేసుకుని టికెట్ కొనుక్కుని వచ్చేశాను. చెబితే ఆపుతారని దండల వంక పెట్టాను."

ఆ అంకె ఎనభై ఎనిమిది అయ్యేసరికి పెళ్ళికొడుకు మబ్బుల మీద, ఫోను కట్టేసి, పట్టుపంచెలో ఉన్నాడన్నమాట. కొత్తగూడెం మీద ఎక్కడో ఇద్దరూ ఎదురెదురుగా దాటిపోయి ఉంటారు.

ఫోనులో మరో గొంతు దూరింది. "నమస్కారమండీ, నేను డాక్టర్ భార్గవని. మీ అబ్బాయి చెయ్యి పెట్టగానే నూరు చూపించి, యంత్రం పొగలొచ్చి ఆగిపోయింది. ఇంత స్వచ్ఛమైన అవసరం నేనెక్కడా చూడలేదు. కానీ ఈయన మా ఉద్యోగి కాదు. పైగా రేపు పొద్దున్నదాకా విమానమే లేదు."

నాగమణి మెల్లగా ముందుకొచ్చింది. పైట సర్దుకుంది. ఆరు నెలలుగా వంచుకున్న తల తీరిగ్గా పైకెత్తింది.

"వదినగారూ, ముచ్చటగా మూడో ముహూర్తం. మూడోది తప్పితే ఏదో అంటామన్నారు మీరు?"

"నేనా? నేనేమన్నానండీ?" భాగ్యలక్ష్మిగారు గిరుక్కున తిరిగింది. "పంతులుగారూ, రేపు ఏమైనా ఉందా?"

"పొద్దున్న పదీ నలభైకి దివ్యంగా ఉందండి, ఆయ్," అన్నాడు పంతులుగారు పంచాంగం తీయకుండానే.

మూల కుర్చీలో సంహిత ఫోన్ తీసింది. మొహం చల్లగా, ఊపిరి నిండుగా, వేళ్ళు చకచకా కదులుతున్నాయి. "అత్తయ్యగారూ, కంగారు పడకండి. తెల్లవారగానే శంషాబాద్ వెళ్ళే విమానంలో రెండు ఖాళీలున్నాయి. లిస్ట్ చేసుకుంటాను. నేను వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చి..."

"నువ్వు కదలకు!" అని తల్లీ అత్తా ఒక్క గొంతుతో అరిచి, చెరోవైపు నుంచీ ఫోన్ లాక్కున్నారు.