నీళ్ళు ఇంకని చోటు

"మా నేల నీళ్ళు తాగదని రాశారట!"

ఆఫీసు తలుపు తోసుకుని ఆమె వచ్చింది. రోజూ నేను కలగనే మనిషే, కానీ ఇలా చేతిలో పారతో వస్తుందనుకోలేదు.

"రాసింది నేనేగానీ, చెప్పింది రీడింగండీ."

"స్ప్రింక్లర్లకి నాన్నని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మీ రిపోర్టు చూసి ఒక్కమాటలో వద్దనేశారు. నీళ్ళు పైనే నిలిచిపోతాయట! పదండి, నా ముందు కొలవండి."

నా ఉద్యోగమే అది. ఇనప రింగు నేలలో దిగ్గొట్టి, నీళ్ళు పోసి, ఎంత త్వరగా ఇంకాయో చూసి, ఏ నేల ఎంత నీరు తాగుతుందో చెప్పే మోడల్ కంప్యూటర్లో తయారుచేయడం. వాళ్ళ పొలంలో మాత్రం కొలిచిందే కొలిచాను. ఎందుకంటే రింగు దగ్గర నిలబడితే ఆమె నారు సర్దే షెడ్డు కనిపిస్తుంది.

పొలానికెళ్ళి, పాత చోటనే రింగు దిగ్గొట్టి నీళ్ళు పోశాను. కదిలితే ఒట్టు.

"చూశారా?" అన్నాను.

ఆమె పారతో రింగు తవ్వి తీసి, కాస్త అవతల సుత్తితో దిగ్గొట్టింది. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయాయి.

"ఒకే పొలం, ఒకే మట్టి. మరక్కడ ఏమైంది సారూ?"

వంగి చూశాను. వామ్మో! పాత చోటు చుట్టూ నేల బండలా అయిపోయింది. అక్కణ్ణుంచి షెడ్డు వైపు సన్నటి బాట. బాట నిండా నా బూటు అచ్చులే. తడి నేల తొక్కితే గట్టిపడుతుందని పరీక్షల్లో రాసి పాసైంది కూడా నేనే!

"ఒక్క రీడింగుకి ఇన్నిసార్లు ఎందుకొచ్చారు?"

అబద్ధమాడితే ఆమె స్ప్రింక్లర్లు గోవిందా. నిజం చెబితే నా పరువు గోవిందా.

"మిమ్మల్ని చూడాలని," అన్నాను. "తప్పు నేలది కాదు, నాది. రిపోర్టు మార్చి రాస్తాను. మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ."

ఆమె మొహం ఎర్రబడింది. "షెడ్డులో నారు పని ఎప్పుడో అయిపోయింది. నేను రోజూ అక్కడెందుకు కూర్చుంటున్నానో మీ మోడల్ చెప్పలేదా?"

అంతలో వెనకాల దగ్గు వినిపించింది. వాళ్ళ నాన్న!

ఆయన కొత్త చోట ఇంకిపోయిన నీళ్ళు చూశారు. బాట చూశారు. నా బూట్లూ చూశారు.

"స్ప్రింక్లర్లు పెట్టించమ్మా," అన్నారు కూతురితో. నావైపు తిరిగారు. "ఇదిగో బాబూ, మా ఇంటికి గట్టుమీంచి మంచి దారుంది. మీ అమ్మానాన్నల్ని తీసుకొచ్చేటప్పుడైనా అటునుంచి రా. పొలం తొక్కకు."