పదకొండు ఎంగిలి నోట్లు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు! నీడలు మనుషుల కాళ్ళ కిందికి దూరి నక్కే వేళ. భూతప్రేతపిశాచాలకు అర్ధరాత్రి ఎంత ఇష్టమో ఈ వేళా అంతే ఇష్టం. కాకపోతే పగటి డ్యూటీకి వాటిలో కాస్త మొండివే వస్తాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఎక్కడో ఉరిమింది. టూరిస్టు బస్సులు ఆగే వీధి చివర, విదేశీ డబ్బు మార్చే బూత్ కప్పు మీద ఒక గుడ్లగూబ వాలింది. కింద వెలుగుతున్న రేట్ల బోర్డు వైపు తల వంచి ఒక్కో అంకే చదివింది. రేటు నచ్చినట్టు లేదు... ఒక్క కూత కూసింది. కర్ణకఠోరమైన కూత!

ఆ కూత వినగానే బూత్‌లో కూర్చున్న చిన్నకోడలి కనుగుడ్లు పైకి తిరిగిపోయాయి.

ఆ బూత్ బీరువాకి కిటికీ పెట్టినట్టుంటుంది. ముందు మందపాటి అద్దం, అద్దం అడుగున డబ్బు జారడానికి అర్ధచంద్రాకారపు కన్నం. ఒకే ఇంటి కోడళ్ళిద్దరు దాన్ని నడుపుతారు. పొద్దుటి డ్యూటీ చిన్నకోడలిది, మధ్యాహ్నం నుంచి పెద్దకోడలిది. మొగుళ్ళిద్దరూ టూరిస్టు బస్సులు తోలుతూ నెలలో పాతిక రోజులు ఊళ్ళోనే ఉండరు. సరిగ్గా డ్యూటీ మారే వేళ కాబట్టి పెద్దకోడలు వెనక తలుపు తీసుకుని లోపలికొస్తూ అంతా కళ్ళారా చూసింది.

అద్దానికి అవతల టోపీ పెట్టుకున్న ఒక టూరిస్టు చిల్లర కోసం కన్నంలో చేయి పెట్టాడు. చిన్నకోడలు ఆ మణికట్టు పట్టుకుని లాగింది. మోచేయి వచ్చింది. ఇంకా లాగింది. భుజం వచ్చింది! పిడికెడు కన్నంలోంచి భుజం ఎలా వచ్చిందని అడగకండి, ఎముక అడ్డం తప్పుకుంది. ఫట్‌మన్న ఆ చప్పుడు రోడ్డు అవతలి వరకూ వినిపించింది. గోళ్ళు కండలోకి దిగాయి. అద్దం మీద రక్తం చిమ్మింది. పాపం ఆ మనిషి నాలుగు భాషల్లో కేకలు పెట్టాడు. వాటిలో రెండు అతనికి అంతకుముందు రావు.

పెద్దకోడలు వెనకనుంచి నడుం పట్టుకుని లాగబోయింది. చిన్నకోడలు తిరిగి ఆమె భుజం కొరికి, ఒంటిచేత్తో ఎత్తి ఇనప్పెట్టె మీదికి విసిరింది. ఆ చిన్నకోడలికి నిన్నటిదాకా నీళ్ళ సీసా మూత తీయాలన్నా ఇంకొకరు కావాలి! పెద్దకోడలు లేచేలోపు ఆమె కుప్పకూలింది. నోరు తెరుచుకుంది. బయటికి వేలాడిన నాలుక మీద... నీలిరంగు సిరాతో అచ్చు గుద్దినట్టు... ఎనిమిది అంకెలు!

పెద్దకోడలు చూస్తుండగానే చివరి అంకె చెరిగిపోయింది. దానితోపాటే చిన్నకోడలి చెవి పక్క జుట్టు గుప్పెడు తెల్లబడింది.

టూరిస్టుని అంబులెన్సులో తీసుకుపోయారు. చిన్నకోడలిని చూసిన డాక్టరు మూడు పరీక్షలు రాశాడు. నాలుక మీద పెన్నుతో ఆడుకున్నట్టున్నారని, సబ్బుతో కడగమని సలహా కూడా ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మంచానికి దుప్పట్లతో కట్టారు. మొదటి కట్టు తెగింది. రెండోది తెగకుండా అత్తగారు వెళ్ళి చిన్నకోడలి కాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక లారీ అయినా కదలదు. మొగుళ్ళ ఫోన్లు ఏ కొండల మధ్యో ఉన్నాయి, మోగడం లేదు. రెండో అంకె పోయింది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. మూడోది పోయేసరికి చిన్నకోడలి వయసు పాతిక నుంచి యాభై దాటింది.

ఆ అంకెలు ఎక్కడో చూశానని పెద్దకోడలికి అప్పుడు తట్టింది.

"అత్తయ్యా, దీన్ని వదలకండి. అంకె పోయినప్పుడల్లా నాకు ఫోన్ చెయ్యండి" అని చెప్పి పరుగున బూత్‌కి పోయింది.

పెద్ద నోటు ఏది వచ్చినా దాని నంబరు రిజిస్టర్లో రాయాలి. రాసింది చిన్నకోడలే, గుండ్రటి అక్షరాలతో, ముచ్చటగా రాసింది. పదకొండు రోజులు, పదకొండు నోట్లు. నంబరు మాత్రం ఒక్కటే, ఆ నాలుక మీద ఉన్నదే! రాయడం తన పని, పోల్చడం తన పని కాదనుకునే మనిషి. పైగా వేలు తడుపుకునే స్పాంజిని ఎంత చెప్పినా ముట్టుకోదు, బొటనవేలు నాలుకకి అద్దుకునే నోట్లు లెక్కపెడుతుంది. దాని మీద ఇద్దరికీ ఆరేళ్ళుగా రోజూ యుద్ధమే. స్పాంజితో అయితే లెక్క తప్పుతుందని ఆమె వాదన.

సొరుగు తెరిస్తే ఆ పదకొండు నోట్లూ లేవు. పదకొండు తెల్లకాగితాలున్నాయి. ముట్టుకుంటే గోరువెచ్చగా... మెల్లగా కొట్టుకుంటూ... నాడిలా!

అన్నీ తెచ్చింది ఒక్కడే. రోజూ డ్యూటీ మారే ముందు వచ్చి, అంతా చిన్న నోట్లే కావాలని సతాయించే మనిషి. కోడళ్ళిద్దరూ అతనికి చిల్లరాయన అని పేరు పెట్టారు. మంత్రగాడైనా సరే, ఫారం నింపకపోతే ఏ బూత్‌లోనూ డబ్బివ్వరు. కాబట్టి చిరునామా ఉంది. పెద్దకోడలు కాగితాలు కొంగులో కట్టుకుని బయల్దేరింది. నెత్తిమీద నల్లటి మేఘాలు గుంపులుగా చేరాయి.

అది మూతపడిన విజిటింగ్ కార్డుల ప్రెస్. లోపల సిరా కంపు, మాడిన వెంట్రుకల కంపు. మధ్య బల్లమీద నల్లబడిన కపాలం... దాని కళ్ళగుంటల్లో గాలి లేకుండానే రెపరెపలాడే ఎర్రని జ్వాలలు! ముందు ఒక గిన్నెలో చిక్కటి ఎర్రటి ద్రవం. పక్కన కాగితాలు కత్తిరించే పెద్ద మిషను, దాని కత్తి మనిషి చెయ్యంత ఉంది. చిల్లరాయన నీట్‌గా తల దువ్వుకుని, సెంటు కొట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"రండి మేడమ్. మీరూ ఎంగిలి వేలితో లెక్కపెట్టుంటే ఈపాటికి ఇరవై రెండు నోట్లు చెలామణీ అయ్యేవి" అన్నాడు. "మీ స్పాంజి నా పొట్ట కొట్టింది."

తప్పించుకోలేదులే అనే ధీమాతో అన్నీ తనే చెప్పాడు. ఉత్త కాగితం నోటుగా కనబడాలంటే దానికి ప్రాణం కావాలి. మొదట ఎంగిలి తగిలించినవాళ్ళ ప్రాణాన్ని పుర్రెలో ఉన్నది లాగి ఆ కాగితంలో పోస్తుంది. అలా లాగినందుకు దానికి నోటుకి ఏడు చుక్కల చొప్పున అతను తన ఒంటి రక్తం ఇవ్వాలి. ఇచ్చినంతకాలం అది అతని బంటు. నాలుక మీద చివరి అంకె పోయిందంటే మనిషీ పోయినట్టే. ఆపే మార్గం లేదని, వచ్చే వారం పక్క బూత్‌లో ఇంకొకళ్ళని చూసుకున్నానని కూడా చెప్పాడు.

ఫోన్ మోగింది.

"రెండే మిగిలాయమ్మాయ్. ఊపిరి అందట్లేదు దానికి" అంది అత్తగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం పెద్దకోడలు తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ వినలేదు.

పెద్దకోడలు పుర్రె మీదికి దూకింది. చిల్లరాయన జుట్టు దొరకబుచ్చుకుని ఆమె ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. ఒకసారి... రెండుసార్లు... మూడోసారికి ముక్కులోంచి రక్తం ధారకట్టింది. ఆమె అతని ముంజేయి దొరికిన మేరకు కొరికి ఊడబెరికింది. అతను అరుస్తూ ఆమె మెడ నొక్కిపట్టాడు. కళ్ళముందు చీకట్లు కమ్ముతుంటే ఆమెకి అతని వేళ్ళు కనిపించాయి. తొమ్మిదేళ్ళుగా కన్నంలోంచి మనుషుల వేళ్ళే చూసిన మనిషి! నున్నగా, పసిపిల్లాడి వేళ్ళలా ఉన్నాయి. పదకొండు నోట్లు, నోటుకి ఏడు... డెబ్భై ఏడు చుక్కలు. ఒక్క సూది గాటు లేదు!

చేయి చాచి గిన్నెలో రెండు వేళ్ళు ముంచింది. రుద్దింది. గంటల తరబడి గాలికి పెట్టిన రక్తం గడ్డకట్టాలి. ఇది జారుతోంది. ముక్కు పగిలినా వాసన మాత్రం తెలిసింది. స్టాంపు ప్యాడ్ సిరా, కాస్త నూనె.

ప్రపంచాన్ని గడగడలాడించాల్సిన ఆ మాంత్రికుడికి... సూదంటే భయం!

ఆమె నలిగిన గొంతు సవరించుకుంది. పుర్రె వైపు తిరిగి, రోజూ కస్టమర్లకి ఎంత మర్యాదగా చెబుతుందో అంత మర్యాదగా చెప్పింది.

"ఇది చెల్లదండీ."

చిల్లరాయన చేతులు ఆమె మెడ మీద చల్లబడ్డాయి.

"నాలుక లేదు, ముక్కు లేదు, మీకెలా తెలుస్తుందిలే అని ఇన్నాళ్ళూ సిరా పోశాడు. కావాలంటే వీడి వేళ్ళు చూసుకోండి."

పెళపెళమని పిడుగు! కప్పు చీలింది! కపాలం దవడలు తెరుచుకుని, గది గోడలు ఒకదానికొకటి గుద్దుకునేలా గర్జించింది. చిల్లరాయన మంత్రం అందుకున్నాడు, రెండో అక్షరం దగ్గర నాలుక ఊడి బల్లమీద పడింది. అతని ప్రతి రోమకూపంలోంచీ రక్తం లేచింది... పోగులు పోగులుగా... గాలిలో పాకుతూ పుర్రె నోట్లోకి! మొదట డెబ్భై ఏడు చుక్కలు పోయాయి. తర్వాత వడ్డీ పోయింది. తర్వాత జరిమానా. ఎముకలు చిటపటా విరిగాయి, కండ పిండిన బట్టలా ముడుచుకుంది. చివరికి మిగిలిన చర్మాన్ని ఆ అదృశ్యశక్తి నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టి నేలమీద పారేసింది. జేబులో పట్టేంత ఉంది.

"ఏం కావాలి?" ఆ గొంతు పుర్రెలోంచి కాదు, ఆమె పళ్ళలోంచి వినిపించింది.

పెద్దకోడలు కొంగు విప్పి పదకొండు కాగితాలూ బల్లమీద పరిచింది.

"ఇవి తీసుకోండి. మా చిన్నదాన్ని ఇచ్చెయ్యండి. మొత్తం. జుట్టుతో సహా."

"మారుస్తాను. నా కమిషన్?"

కమిషన్ లేనిదే మార్చం అని ఆమె తొమ్మిదేళ్ళుగా లోకమంతటికీ చెబుతూ వచ్చింది. ఇప్పుడు బేరమాడటానికి ఆమెకే మొహం చెల్లలేదు. ఎంతని అడిగింది.

"నోట్లు లెక్కపెట్టే వేలు. ఇచ్చేది నిజం రక్తమైతేనే."

ఫోన్‌లో అత్తగారి ఏడుపు వినిపిస్తోంది. ఇక ఒకటే అంకె. పెద్దకోడలు కుడిచెయ్యి కాగితాల మిషను మీద పెట్టింది. బొటనవేలిని కత్తి కిందికి జరిపింది. అటు తిరిగి ఒక్క ఊపిరి పీల్చుకుని, ఎడంచేత్తో పిడిని బలమంతా పెట్టి కిందికి నొక్కింది.

కరుక్...

ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. చిన్నకోడలు మంచం మీద లేచి కూర్చుని, నల్లటి జుట్టు ముడేసుకుని, పళ్ళెం పట్టుకుని తింటోంది. అత్తగారు ఇంకా నమ్మకం కుదరక ఆమె కాళ్ళ మీంచి లేవలేదు.

"బూత్ మూసేసి ఎక్కడికి పోయావక్కా? నాకేమో కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఈవిడ లెయ్యదు" అంది చిన్నకోడలు. అంతలో తడిసిన గుడ్డ చుట్టిన చెయ్యి చూసింది. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అక్కా... నీ బొటనవేలేది?"

పెద్దకోడలు మంచం పక్కన కూలబడి గోడకి తల ఆనించింది.

"కమిషన్ కింద పోయింది. నువ్వు తిను."